డీజిల్ కారుకు ఏ ఇంజిన్ ఆయిల్? డబ్బా మీద రెండో లైన్ దాకా చదవండి

మొన్న ఎండాకాలంలో మా బావ హన్మకొండలోని ఒక గ్యారేజీ నుంచి ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, డబ్బా ఎందుకంటున్నరు వీళ్లు. డ్రమ్ముల నుంచి పోస్తరట, అగ్గువ పడ్తదట. పోయించుకోవాల్నా?" ఆయనది 2021 మోడల్ డీజిల్ ఎస్‌యూవీ. వెనకాల మెకానిక్ గొంతు నాకు వినపడుతూనే ఉంది: "ఏం గాదన్నా! లారీలకు గిదే పోస్తున్నం, ట్రాక్టర్లకు గిదే పోస్తున్నం. కారుకేమైతది?" నేను వద్దని చెప్పేసరికే నాలుగు లీటర్లు లోపలికి వెళ్లిపోయాయి.

ఆ మెకానిక్ మోసగాడేమీ కాదు. డ్రమ్ములో ఉన్నది కూడా పేరున్న కంపెనీ ఆయిలే, లారీకి పోస్తే వంక పెట్టడానికి లేదు. చిక్కల్లా బావ కారుతోనే. ఆరు వారాల తర్వాత దాని డ్యాష్‌బోర్డు మీద ఒక పసుపు లైటు వెలిగింది. ఆ లైటు ఎందుకు వెలిగిందో ఇంట్లో అందరం తప్పుగానే ఊహించాం. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆయిల్ ఎలా ఎంచుకోవాలో వరుసగా చూద్దాం.

మొదటి పని: బండి ఏ కాలం నాటిదో తేల్చుకోండి

ఆర్‌సీ కార్డు తీయండి. బండి తయారైన నెల, సంవత్సరం దాని మీద ఉంటాయి. బండి పొగకు ప్రభుత్వం పెట్టిన హద్దులే బీఎస్ (భారత్ స్టేజ్) నిబంధనలు. దేశమంతటా బీఎస్4 తప్పనిసరి అయింది 2017 ఏప్రిల్‌లో, బీఎస్6 తప్పనిసరి అయింది 2020 ఏప్రిల్‌లో. ఆయిల్ కొనేవాళ్లకు ఈ 2020 గీతే ముఖ్యం. దాని తర్వాత వచ్చిన డీజిల్ కార్లలో పొగ బయటికి పోయే దారిలో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది. పొగలోని మసిని అది పట్టి ఉంచి, కొంత నిండాక బాగా వేడెక్కి తనే కాల్చేసుకుంటుంది. అంతకుముందు మన రోడ్ల మీద తిరిగిన మామూలు డీజిల్ కార్లలో, అంటే పాత డిజైర్, ఇండికా, బొలెరో లాంటి వాటిలో సాధారణంగా ఈ జల్లెడ ఉండదు. ఖరీదైన కొన్ని విదేశీ కార్లలో ముందు నుంచే ఉంది. అనుమానం ఉంటే మాన్యువల్ వెనకాల సూచికలో డీపీఎఫ్ అనే మాట ఉందేమో చూస్తే తేలిపోతుంది.

జల్లెడ ఉన్న బండి, లేని బండి. ఆయిల్ దుకాణంలో డీజిల్ కార్లన్నీ ఈ రెండు కులాలే.

రెండో పని: మాన్యువల్‌లో ఆ ఒక్క పేజీ

గ్లోవ్ బాక్సులో పొల్యూషన్ సర్టిఫికెట్ కింద, మేడారం నుంచి తెచ్చిన బంగారం (ప్రసాదం బెల్లం) పొట్లం కింద, ప్లాస్టిక్ కవర్ కూడా విప్పని పుస్తకం ఒకటి ఉంటుంది. దాని చివరి పేజీల్లో ఆయిళ్ల పట్టిక ఉంటుంది. అందులో మూడు సంగతులు ఫోన్‌లో ఫొటో తీసుకోండి: గ్రేడ్ ఏమిటి, దాని పక్కన రాసిన స్పెసిఫికేషన్ కోడ్ ఏమిటి, ఫిల్టర్‌తో కలిపి ఎన్ని లీటర్లు పడుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండికి మాన్యువల్ రాకపోవచ్చు. చాలా కంపెనీలు తమ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ పెడతాయి. సరిగ్గా మీ మోడల్, మీ సంవత్సరం, మీ ఇంజిన్‌దే చూడండి. అదే పేరున్న కారుకు పెట్రోల్ ఇంజిన్ ఒకటి, డీజిల్ ఇంజిన్ ఒకటి ఉంటాయి, మధ్యలో బీఎస్4 పోయి బీఎస్6 వచ్చి ఉంటుంది. ఆయిల్ పోసే మూత మీద కూడా కొన్ని బండ్లకు గ్రేడ్ అచ్చు వేసి ఉంటుంది కానీ, అది సగం సమాచారమే.

మూడో పని: గ్రేడ్ అర్థం చేసుకోవడం

5డబ్ల్యూ-30, 5డబ్ల్యూ-40, 15డబ్ల్యూ-40. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది ఇదే, అందుకే అందరూ దీని దగ్గరే ఆగిపోతారు. డబ్ల్యూ అంటే వెయిట్ అని నేనూ చాలా ఏళ్లు అనుకున్నాను. అది వింటర్. ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్తుంది, వెనకున్న అంకె వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో చెప్తుంది.

మన తాతలు బండి ఇరుసుకు ఆముదం పోసేవాళ్లు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అనే సామెత ఉండనే ఉంది. (కాస్ట్రాల్ అనే పేరు కూడా ఆముదానికి ఇంగ్లిష్‌లో ఉన్న క్యాస్టర్ అనే మాట నుంచే పుట్టింది.) డిసెంబరు పొద్దున ఆముదం సీసా వంచితే ఎంత బద్ధకంగా జారుతుందో, అదే కాస్త వేడి చేస్తే ఎలా నీళ్లలా పారుతుందో తెలిసినవాళ్లకు ఇంజిన్ ఆయిల్ సమస్య వెంటనే అర్థమవుతుంది. చలిలో పారాలి, వేడిలో మరీ పల్చబడకూడదు. ఒకే ఆయిల్‌తో ఈ రెండూ సాధించడానికి వచ్చినవే ఈ రెండంకెల గ్రేడ్లు.

5డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 30 డిగ్రీల దగ్గర, 15డబ్ల్యూని మైనస్ 20 దగ్గర పరీక్షిస్తారు. ఆదిలాబాద్ చలికి వణికే మనకు ఆ చలితో పనేముంది అనిపిస్తుంది. పని ఉంది. రాత్రంతా ఆగిన బండిలో ఆయిల్ కిందికి జారి ఇంజిన్ అడుగున ఉండే సంపులో చేరుతుంది. పొద్దున స్టార్ట్ చేశాక అది మళ్లీ పైన వాల్వులు తెరిచే క్యామ్ దాకా, ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో దాకా ఎక్కాలి. ఇరవై డిగ్రీల దగ్గర ఏ ఇంజిన్ ఆయిలైనా వంద డిగ్రీల దగ్గర ఉండేదానికంటే ఎన్నో రెట్లు చిక్కగా ఉంటుంది. ముందంకె చిన్నదైతే ఆ ఎక్కడం తొందరగా అవుతుంది. ఇంజిన్ అరుగుదలలో పెద్ద వాటా ఆ మొదటి క్షణాలదే. మీ మాన్యువల్ 5డబ్ల్యూ అడిగితే, "మనకు చలెక్కడుందన్నా" అని 20డబ్ల్యూ అంటగట్టేవాళ్ల మాట వినకండి.

వెనకంకె సంగతి. వంద డిగ్రీల దగ్గర 30 గ్రేడ్ ఆయిల్ చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు ఉండాలి, 40 గ్రేడ్‌ది 12.5 నుంచి 16.3 లోపు. ఇక్కడ రామగుండం, కొత్తగూడెం ఎండల ప్రస్తావన తప్పకుండా వస్తుంది: బయట 45 డిగ్రీలుంటే 30 గ్రేడ్ ఎలా నిలుస్తుందని. ఇంజిన్ వేడిని ఒక స్థాయిలో పట్టి ఉంచేది రేడియేటర్, థర్మోస్టాట్. జనవరిలో అయినా మే నెలలో అయినా, హైవే మీద కాసేపు నడిచిన బండిలో కూలెంట్ 90 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది, ఆయిల్ దానికంటే కొంచెం ఎక్కువ. బయట ఎండ పెరిగినంతా ఆయిల్ వేడి పెరగదు. ఎండకు భయపడాల్సింది ఉంటే రేడియేటర్ జాలీలో ఇరుక్కున్న దూదికి, పురుగులకు భయపడండి.

అయితే చాలా మాన్యువళ్లలో రెండు మూడు గ్రేడ్లకు ఒప్పుకుంటూ ఒక ఉష్ణోగ్రతల పట్టిక ఉంటుంది. 5డబ్ల్యూ-30 పోయొచ్చు, 5డబ్ల్యూ-40 కూడా పోయొచ్చు అని మాన్యువలే చెప్తే, లక్షన్నర కిలోమీటర్లు దాటిన పాత బీఎస్4 బండికి, బరువులు వేసుకుని తిరిగేదానికి నేనైతే 40 తీసుకుంటాను. 30 మాత్రమే రాసి ఉంటే 30 మాత్రమే. కొత్త ఇంజిన్లలో బేరింగుల మధ్య సందు, ఆయిల్ పంపు, అన్నీ ఆ చిక్కదనం లెక్కలోనే తయారై ఉంటాయి.

నాలుగో పని: రెండో లైన్

అసలు కష్టమంతా ఇక్కడే. గ్రేడ్ కింద చిన్న అక్షరాల్లో రెండు మూడు కోడ్లుంటాయి. బావ కారు మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30, ఏసీఈఏ సీ2 అని ఉంది. డ్రమ్ము మీద 15డబ్ల్యూ-40, ఏపీఐ సీఐ-4 అని ఉంది. గ్రేడ్ ఎలాగూ కలవలేదు. కానీ ఒకవేళ ఆ డ్రమ్ములో 5డబ్ల్యూ-30 ఉన్నా, ఆ రెండో లైన్ కలవకపోతే నేను వద్దనే అనేవాణ్ని.

ఏపీఐ అనేది అమెరికా పద్ధతి. దాని కింద ఎస్‌తో మొదలైతే పెట్రోల్ ఇంజిన్‌కు, సీతో మొదలైతే డీజిల్ ఇంజిన్‌కు. సీ తర్వాతి అక్షరం ముందుకెళ్లేకొద్దీ కొత్తది: సీహెచ్-4 వచ్చింది 1998లో, సీఐ-4 2002లో, సీజే-4 2006లో, సీకే-4 2016 చివర్లో. సాధారణంగా కొత్తది పాతదాని చోట వాడొచ్చు. సీకే-4తో పాటు వచ్చిన ఎఫ్ఏ-4 మాత్రం వేరే జాతి, పల్చటి ఆయిల్. దాన్నే అడిగిన ఇంజిన్లకు తప్ప పోయకూడదు.

కార్ల ఆయిల్ డబ్బాల మీద తరచూ ఎస్ఎన్/సీఎఫ్ అని కనిపిస్తుంది. సీఎఫ్ 1994 నాటి ప్రమాణం, ఎప్పుడో పాతబడిపోయింది. డబ్బా మీద డీజిల్ పేరుతో సీఎఫ్ ఒక్కటే ఉంటే, ఆ డబ్బా మీ ఇంజిన్ గురించి దాదాపు ఏమీ చెప్పనట్టే. అప్పుడు పక్కన ఏసీఈఏ కోడ్ ఏముందో వెతకాలి.

ఏసీఈఏ అనేది యూరప్ కార్ల కంపెనీల పద్ధతి, డీజిల్ కార్లకు ఇదే ఎక్కువ పనికొస్తుంది. ఏ3/బీ4, ఏ5/బీ5 అని ఉంటే జల్లెడ లేని కార్లకు. సీ2, సీ3 లాంటివి ఉంటే జల్లెడ ఉన్న కార్లకు. ఇందులో ఈతో మొదలయ్యేవి లారీలవి.

ఈ ఏసీఈఏ సీ రకం ఎందుకు కావాలో ఒక్కసారి అర్థమైతే ఇక కోడ్లు గుర్తుంచుకోవాల్సిన పని ఉండదు. రామగుండంలో ఎన్టీపీసీ బూడిద చెరువు చూసే ఉంటారు. బొగ్గు మండిపోతుంది, కరెంటు వస్తుంది, కానీ బూడిద ఎక్కడికీ పోదు. దానికోసం ఎకరాలకు ఎకరాలు చెరువులు కట్టాల్సి వచ్చింది. డీపీఎఫ్‌లో జరిగేదీ అదే. మసి బొగ్గులాంటిది, ఆరువందల డిగ్రీల వేడిలో మండిపోతుంది. ఇంజిన్‌లో ప్రతిరోజూ కొద్దికొద్దిగా ఆయిల్ కూడా కాలుతుంది. అందులో కలిపిన కాల్షియం, జింకు లాంటి లోహాల రసాయనాలు బూడిదగా మిగిలి ఆ జల్లెడలోనే చేరతాయి. ఆ బూడిద మళ్లీ మండదు. జల్లెడ పక్కన బూడిద చెరువు కూడా లేదు.

అందుకే సీ2, సీ3 ఆయిళ్లలో ఈ బూడిద 0.8 శాతం మించకూడదని కట్టడి పెట్టారు. సీజే-4, సీకే-4లలో ఒక శాతం. డ్రమ్ములోని సీఐ-4కు అలాంటి హద్దే లేదు.

మరి సీఐ-4లో అంత బూడిద రసాయనాలు ఎందుకు కలిపారంటే, దానికీ కారణం ఉంది. అప్పట్లో డీజిల్‌లో గంధకం ఎక్కువ. బీఎస్3 కాలంలో పది లక్షల పాళ్లకు 350 పాళ్లు, బీఎస్4లో 50, ఇప్పుడు బీఎస్6లో 10. గంధకం కాలితే ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లాన్ని విరిచేందుకు ఆయిల్‌లో క్షారం దండిగా ఉండాలి. ఆ క్షారమే కాలాక బూడిదవుతుంది. డీజిల్ శుభ్రపడ్డాక అంత క్షారం అవసరం తగ్గింది, తక్కువ బూడిద ఆయిళ్లకు దారి తెరుచుకుంది. పాత ఆయిల్ దాని కాలానికి, దాని డీజిల్‌కు సరైనదే.

ఈ రెండు లైన్లు కాక కంపెనీల సొంత కోడ్లు ఉంటాయి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా వాళ్లు డీపీఎఫ్ ఉన్న డీజిల్ ఇంజిన్లకు 507.00 అని రాస్తారు, మెర్సిడెస్ 229.51 అని, బీఎండబ్ల్యూ లాంగ్‌లైఫ్-04 అని. ఫోర్డ్ డీజిల్ కార్ల మాన్యువల్‌లో చివర 913-డి అని ముగిసే పొడవాటి కోడ్ ఒకటి ఉంటుంది. ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ఫోర్డ్ 2021లో ప్రకటించినా ఆ బండ్లు వరంగల్‌లో ఇంకా చాలానే తిరుగుతున్నాయి. వాటి ఓనర్లకు ఈ కోడ్ దాచుకోదగ్గది. మాన్యువల్‌లో ఇలాంటి కోడ్ ఉంటే మిగతా అన్నిటికంటే దానికే విలువ. డబ్బా మీద ఆ కోడ్‌ను "అప్రూవ్డ్" అని రాశారా, "సరిపోతుంది" అన్న అర్థంలో రాశారా అన్నది కూడా చూడండి. మొదటిది కారు కంపెనీ పరీక్షించి ఒప్పుకున్నది, రెండోది ఆయిల్ కంపెనీ తనంతట తాను చెప్పుకునేది.

ఐదో పని: మినరలా, సింథటిక్కా

దీని మీద టీ కొట్ల దగ్గర గంటలు గంటలు మాట్లాడుకుంటారు కానీ, రెండో లైన్ కలిసిందంటే ఇది దాదాపు దానంతటదే తేలిపోతుంది. 5డబ్ల్యూ-30 సీ2 గానీ సీ3 గానీ కొంటే మీకు దొరికేది సింథటిక్కే, మినరల్‌లో ఆ ప్రమాణాలు అందుకోవడం కష్టం. 15డబ్ల్యూ-40 అడిగే పాత ఇంజిన్‌కు మంచి మినరల్ ఆయిల్ సమయానికి మారిస్తే చాలు. సింథటిక్ పోశాం కదా అని ఇరవై వేల కిలోమీటర్లు నడిపేవాడికంటే, మినరల్ పోసి గడువుకు మార్చేవాడి ఇంజిన్ బాగుంటుంది.

టర్బో ఉన్న బండికి సింథటిక్ వైపే నా మొగ్గు. టర్బో చక్రం నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది, దాని ఇరుసు నిలిచేది పల్చటి ఆయిల్ పొర మీదే. హైదరాబాద్ నుంచి హైవే మీద ఉరికించి తెచ్చి, ఇంటి ముందు ఠక్కున ఆపేస్తే ఆ ఇరుసు దగ్గర ఉన్న ఆయిల్ మాడి గట్టిపడుతుంది. ఒక్క నిమిషం ఐడిలింగ్‌లో ఉంచి ఆపండి.

సీసాల్లో అమ్మే "ఇంజిన్ ట్రీట్‌మెంట్" కలపడాలు, పాత ఆయిల్ తీసే ముందు పోసే ఫ్లషింగ్ ద్రవాలు నేను వాడను. ఆయిల్ తయారుచేసేవాళ్లు రసాయనాల పాళ్లు లెక్క చూసే కలుపుతారు. దాంట్లో మనం ఇంకో చెంచా వేయడం, వండి దించిన కూరలో ఎదురింటివాళ్లు వచ్చి ఉప్పు వేసినట్టు.

ఆరో పని: కొనడం

ఎన్ని లీటర్లు పడుతుందో ముందే తెలుసు కాబట్టి దానికి తగ్గ డబ్బా కొనండి. 1.3 లీటర్ డీజిల్ ఇంజిన్ ఉన్న పాత చిన్న కార్లకు మూడు లీటర్ల పైచిలుకే పడుతుంది, అందుకే మూడున్నర లీటర్ల డబ్బాలు దొరుకుతాయి. పెద్ద ఎస్‌యూవీలకు ఐదారు లీటర్లు కావాలి. మిగిలిన ఆయిల్ బిగించి, పైన కోడ్, కొన్న తేదీ రాసి దాచుకోండి, మధ్యలో లెవెల్ తగ్గితే అదే పనికొస్తుంది.

సర్వో, మ్యాక్, హెచ్‌పీ, కాస్ట్రాల్, షెల్, మొబిల్, గల్ఫ్, మోటుల్. వీటిలో ఏది మంచిదని నన్ను అడక్కండి. మీ కోడ్ ఉన్న డబ్బా ఎవరిదైనా సరే. పెట్రోల్ బంకుల్లో దొరికే ప్రభుత్వ కంపెనీల ఆయిళ్లను చిన్నచూపు చూడటం మనకో అలవాటు. కోడ్ కలిస్తే అవీ అంతే పని చేస్తాయి.

నకిలీల భయం మాత్రం నిజమే. మూత మీద సీల్, డబ్బా మీద అచ్చు వేసిన బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూడండి. క్యూఆర్ కోడ్ గానీ గీకి చూసే నంబరు గానీ ఉంటే కొట్టులోనే చూసుకోండి. లేబుల్ అంచు లేచి ఉన్నా, మూత ముందే తిప్పినట్టున్నా వదిలేయండి. ఖాళీ డబ్బాను గ్యారేజీలో వదిలిరాకండి. మూతకు, అడుగుకు మేకుతో చిల్లు పెట్టండి. మీ డబ్బాలోనే రేపు ఎవరైనా ఇంకేదైనా నింపి అమ్మొచ్చు.

ఏడో పని: దగ్గరుండి మార్పించడం

మీరే మార్చుకున్నా, మెకానిక్‌తో మార్పించినా క్రమం ఒకటే. పది నిమిషాలు నడిపి ఇంజిన్ వేడెక్కాక, సమతలం మీద ఆపండి. జాకీ ఒక్కదాని మీద లేపిన బండి కిందికి మాత్రం దూరకండి, స్టాండ్లు పెట్టాలి. పైన ఆయిల్ మూత తీస్తే కింద డ్రెయిన్ నట్టు విప్పగానే సాఫీగా కారుతుంది. చుక్కలు చుక్కలుగా పడేదాకా పదిహేను ఇరవై నిమిషాలు ఆగండి. మెకానిక్‌కు తొందరుంటే మీరో చాయ్ తాగి రండి, ఆయనకూ ఒకటి తెండి.

డ్రెయిన్ నట్టు కింద చిన్న రాగి వాషరో అల్యూమినియం వాషరో ఉంటుంది. కొత్తది వేయించండి, కొద్ది రూపాయల వస్తువు. ఫిల్టర్ ప్రతిసారీ మార్చాల్సిందే. డబ్బా ఆకారం ఫిల్టరైతే దాని రబ్బరు రింగుకు కొత్త ఆయిల్ వేలితో రాసి, చేత్తోనే బిగించాలి. లోపల కాగితం గుళిక ఉండే రకమైతే దానితో వచ్చిన రబ్బరు రింగులన్నీ మార్చారో లేదో చూడండి.

పోసేటప్పుడు మాన్యువల్ చెప్పినదానికంటే అర లీటరు తక్కువ పోయించండి. స్టార్ట్ చేయండి. ఆయిల్ లైటు కొద్ది సెకన్లలో ఆరాలి. నిమిషం నడిచాక ఆపి, ఐదు పది నిమిషాలాగి డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ ముంచి చూడండి. అప్పుడు కొద్దికొద్దిగా పోస్తూ మాక్స్ గీతకు కొంచెం కిందికి తేవాలి. గీత దాటితే మంచిదనుకుంటారు కొందరు. దాటిన ఆయిల్‌ను ఇంజిన్ కింద తిరిగే క్రాంక్ ఇరుసు చిలికి నురగ చేస్తుంది, సీళ్ల నుంచి కారుతుంది. మరీ ఎక్కువైతే గాలి దారిలోకి వెళ్లి, తాళం తీసినా ఇంజిన్ ఆ ఆయిల్ మీదే అదుపు తప్పి తిరిగే ప్రమాదం డీజిల్ బండికి ఉంది.

చివరగా బానెట్ లోపలి వైపు తెల్ల టేపు మీద తేదీ, కిలోమీటర్లు, కోడ్ రాసి అంటించండి.

ఎప్పుడు మార్చాలి, మధ్యలో ఏం చూడాలి

మన దగ్గర చాలా డీజిల్ కార్లకు పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. మీ మాన్యువల్ అంకె ఏదైతే అదే పాటించండి. దాని పక్కనే "కఠినమైన వాడకం" అని ఇంకో వరస ఉంటుంది. అది లడాఖ్ వెళ్లేవాళ్లకని చదివి వదిలేస్తాం. దుమ్ము, చిన్న దూరాలు, ట్రాఫిక్‌లో గంటల తరబడి ఐడిలింగ్, ఇవే అక్కడ రాసి ఉంటాయి. కరీంనగర్ గ్రానైట్ క్వారీల దారిలో, భూపాలపల్లి బొగ్గు లారీల వెనకాల రోజూ తిరిగే బండిది కఠినమైన వాడకమే. మేడారం జాతరలో పస్రా దాటాక మొదటి గేరులో ఏసీ వేసుకుని ఐదారు గంటలు పాకిన బండి, మీటరు మీద ముప్పై కిలోమీటర్లే చూపిస్తుంది. ఇంజిన్ లెక్క వేరు. జాతర నుంచి రాగానే ఆయిల్ మార్చాలని కాదు, ఎయిర్ ఫిల్టర్ మాత్రం తీసి దులపండి, ఆయిల్ గడువు కాస్త ముందుకు జరపండి.

ఆయిల్ నల్లగా అయిందని కంగారు పడకండి. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కూడా కొద్ది రోజుల్లోనే కాటుకలా అవుతుంది. మసిని తనలో కలుపుకుని ఫిల్టర్ దాకా, డ్రెయిన్ దాకా మోయడం దాని పని. చూడాల్సింది రంగు కాదు, ఎత్తు. పదిహేను రోజులకోసారి, పొద్దున బండి కదిలించక ముందు డిప్‌స్టిక్ చూడండి. లెవెల్ తగ్గుతుంటే ఎక్కడో కారుతోంది, లేదా కాలుతోంది. దారిలో మిన్ గీత కిందికి పోతే, మీ కోడ్ దొరకలేదని ఆగకండి. ఏ డీజిల్ ఆయిలైనా అర లీటరు పోసి ఇంటికి చేరండి, తక్కువ ఆయిల్‌తో నడపడం కంటే అది నయం. తర్వాత మార్చేయండి.

ఇప్పుడు బావ కారు పసుపు లైటు సంగతి. అది డీపీఎఫ్ లైటు. ఇంట్లో అందరం డ్రమ్ము ఆయిల్‌నే తిట్టాం, నేను ఇంకాస్త ఎక్కువ. కానీ బూడిద ఆరు వారాల్లో జల్లెడ నింపేయదు, అది వేల కిలోమీటర్ల మీద జరిగే పని. బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ మాక్స్ గీత దాటి వేలెడు పైకుంది. పోసిన రోజు గీత లోపలే ఉందని బావ ఫొటో కూడా తీశాడు. బొట్టు వేలి మీద రాసి వాసన చూస్తే డీజిల్ కంపు.

బావ రోజూ చేసే ప్రయాణం కాజీపేట ఇంటి నుంచి హన్మకొండ ఆఫీసు, మధ్యలో పిల్లల బడి. పోను నాలుగైదు కిలోమీటర్లు, రాను అంతే. జల్లెడలో మసి నిండి దాన్ని కాల్చడానికి బండి సిద్ధమయ్యేది, అందుకోసం సిలిండర్లలోకి అదనంగా డీజిల్ చల్లేది. వేడి అందుకునేలోపు ఆఫీసు వచ్చేది, బావ తాళం తీసేవాడు. మిగిలిన డీజిల్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలిసేది. సాయంత్రం మళ్లీ అదే తంతు. లైటు వెలగడానికి, ఆయిల్ పెరగడానికి కారణం ఇదే. పాపం మెకానిక్‌కు ఇందులో సగం పాపం కూడా లేదు.

ఆయిల్ ఎలాగూ మార్చాల్సిందే, డీజిల్ కలిసి పల్చబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. ఈసారి 5డబ్ల్యూ-30 సీ2 డబ్బా కొని, అదే గ్యారేజీలో, మా ఎదురుగానే పోయించాం. ఆ మెకానిక్ మాన్యువల్ పేజీని తన ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. తర్వాత స్టేషన్ ఘన్‌పూర్ దాకా హైవే మీద ఒక వేగంతో నడిపి వచ్చాం, దారిలోనే లైటు ఆరింది. ఇప్పుడు బావ వారానికోసారి ఆ దారిలో ఒక చక్కర్ కొట్టి వస్తున్నాడు. చిన్న దూరాలే తిరిగేవాళ్లందరికీ ఇది చెప్తుంటాను: మాన్యువల్‌లో డీపీఎఫ్ పేజీ తీసి, ఎంత వేగంతో ఎంతసేపు నడపాలో చూసి అలా నడపండి. ఆ పని మధ్యలో బండి ఆపకండి. మీ వాడకమంతా ఊళ్లోనే అయితే, అసలు డీజిల్ కారు కొనే ముందే ఆలోచించాల్సింది.

తీసిన పాత ఆయిల్‌ను నాలాలో పోయకండి. ఊళ్లలో దాన్ని చెదలు పట్టకుండా గుంజలకు, వాసాలకు పూస్తారు, మా ఇంట్లోనూ పూసేవాళ్లు. చేతికంటితే సబ్బుతో కడిగేసుకోవాలి, అందులో ఒంటికి మంచివి కానివి చాలా ఉంటాయి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పట్టి, పాత ఆయిల్‌ను రీసైక్లింగ్‌కు ఇచ్చే గ్యారేజీలో ఇచ్చేయండి. ఇచ్చే ముందు దాన్ని ఎవరికి అమ్ముతారని ఒక మాట అడగండి.